ఇంటర్వ్యూలో పిల్లల గురించి, వయసు గురించి అడిగితే ఏం చేయాలి?

నమస్కారం. నాకు 41 ఏళ్లు, ఉండేది హైదరాబాద్. పాప పుట్టాక మానేసిన అకౌంట్స్ పని మళ్లీ వెతుకుతున్నాను. ట్యాలీ, జీఎస్టీ బాగా వచ్చు. మొన్న ఒక కంపెనీలో వాటి గురించి సరిగా అడగనేలేదు. పాపను ఎవరు చూస్తారు, మీ ఆయన ఒప్పుకున్నారా, ఇంకో బిడ్డను కంటారా, ఇవే ప్రశ్నలు. చివరికి "35 లోపు మగవాళ్లయితే మాకు సులువు" అని మొహం మీదే చెప్పారు. చాలా బాధేసింది. మగవాళ్లను ఇవి అడుగుతారా?

1976 సమాన వేతన చట్టం, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్, రెండూ నియామకాల్లో ఆడ, మగ తేడా చూపకూడదనే అంటాయి. వయసుకు మాత్రం ప్రైవేటులో అలాంటి రక్షణ కనిపించలేదు. లేబర్ ఆఫీసులో ఎవరైనా ఫిర్యాదు ఇచ్చారా? అంతా నోటిమాటే, రాతలో ఏమీ లేదు. అయినా తీసుకుంటారా? రెజ్యూమెలో పుట్టినతేదీ తీసేయొచ్చా?