అమదేయో రాజు వెండి నాణెంపై 1871, నక్షత్రాల్లో 1874: ఏది లెక్క?

ప్రశ్న:
నా సేకరణలో కొత్తగా చేరిన స్పెయిన్ 5 పెసెతాల వెండి నాణెంపై గడ్డంతో ఉన్న మొదటి అమదేయో ముఖం, దాని కింద పెద్ద అంకెల్లో 1871 ఉన్నాయి. అయితే ఆ అంకెలకు అటూ ఇటూ ఉన్న చిన్న నక్షత్రాలను భూతద్దంతో చూస్తే ఎడమవైపు 18, కుడివైపు 74 కనిపిస్తున్నాయి. అమదేయో 1873లోనే సింహాసనం వదులుకున్నాడు కదా? దీన్ని నకిలీ అనుకోవాలా?

జవాబు 1:
నక్షత్రాలను బట్టి అనుమానించనక్కరలేదండీ. ఆ కాలపు స్పెయిన్ నాణేలపై పెద్ద అంకెలు ఆ నమూనా ఏ ఏటిదో చెబితే, నక్షత్రాల్లోని అంకెలు నాణెం నిజంగా ఏ ఏట అచ్చయిందో చెబుతాయి. అంటే మీ నాణెం 1874లో మాడ్రిడ్ టంకశాలలో తయారైంది. 1868 విప్లవంలో రెండవ ఇసబెల్ రాణి గద్దె దిగాక, పార్లమెంటు ఓటు వేసి ఎన్నుకున్న రాజు అమదేయో; ఆయన 1873 ఫిబ్రవరి 11న తప్పుకోగా, అదే రోజు రిపబ్లిక్ ఏర్పడింది. ప్రభుత్వాలు నెలల వ్యవధిలో మారిపోతున్న ఆ రోజుల్లో రాజులేని దేశం పాత రాజు అచ్చులతోనే 5 పెసెతాల నాణేలు వేసుకుంటూ వచ్చింది. నక్షత్రాల్లో 75 ఉన్నవి కూడా దొరుకుతాయి. అప్పటికి పన్నెండవ అల్ఫోన్సో రాజయ్యాడు!

జవాబు 2:
రాజు ముఖం లేని 5 పెసెతాల వెండి నాణెం ఆ రిపబ్లిక్ కాలంలో రాకపోలేదు, కానీ దాన్ని వేసింది ప్రభుత్వం కాదు, ప్రభుత్వంపై తిరగబడినవారు. 1873 జులైలో స్వయంపాలన ప్రకటించుకున్న కార్తహేనా రేవుపట్నం సైన్యం ముట్టడిలో ఉండగానే సొంత నాణేలు అచ్చు వేసింది. వాటిపై బొమ్మలేమీ లేవు. ‘కేంద్రవాదుల ముట్టడిలో ఉన్న కార్తహేనా’ అనే అర్థం వచ్చే స్పానిష్ మాటలు, 1873 సెప్టెంబరు అన్న తేదీ ఉంటాయి. 1874 జనవరిలో పట్నం లొంగిపోయింది. నా దృష్టిలో ఆ గందరగోళానికి మీ నాణెం కంటే అదే సూటి సాక్ష్యం.

జవాబు 3:
నకిలీ సంగతికి వస్తే, బరువు 25 గ్రాములు, వ్యాసం 37 మిల్లీమీటర్లు ఉండాలి. వెనుకవైపు అంచు వెంబడి వెయ్యింట 900 వంతుల వెండి అని, కిలోగ్రాముకు 40 నాణేలు అని రాసి ఉంటుంది. అయితే బరువు సరిపోయిందని నిశ్చింతగా ఉండకండి. వెండి ధర పడిపోయి నాణెం విలువ అందులోని లోహం విలువను మించిపోయిన తరువాతి కాలంలో, అసలు వెండితోనే దొంగ నాణేలు చేసి లాభపడ్డవారున్నారు. వాటినే ‘సెవియా దూరోలు’ అనేవారు (దూరో అంటే 5 పెసెతాల నాణెం, సెవియా ఒక స్పెయిన్ నగరం). కాబట్టి అక్షరాల అంచులు, జుట్టు గీతలు, నక్షత్రాల్లోని అంకెలు వాడిగా ఉన్నాయో లేదో ఏటవాలు వెలుతురులో చూసి, నిస్సందేహంగా అసలైన మరో నాణెంతో పోల్చండి. మెరుగు మాత్రం పెట్టకండి, ఆ చిన్న అంకెలే ముందు అరిగిపోతాయి.