నకనకకు, గుడగుడకు తేడా ఏమిటి?

పెద్దలకు నమస్కారం. నిన్న మా అమ్మాయి జీవశాస్త్రం పాఠం చదువుతూ అడిగింది: "ఆకలేస్తే కడుపు నకనకలాడుతోంది అంటాం. విరేచనాలప్పుడు గుడగుడ అంటాం. రెండూ పేగుల కదలికే కదా నాన్నా, మాటలు వేరెందుకు?" నాకు జవాబు తోచలేదు. నకనక అన్నది చెవికి వినిపించేదా, లోపల తెలిసేదా? కడుపులో ఎలుకలు పరిగెత్తడం మన మాటేనా?

జవాబు: గుడగుడ ముమ్మాటికీ శబ్దమే. హుక్కాలో నీరు చేసేదీ గుడగుడే. పక్కన కూర్చున్నవారికి కూడా వినిపించి మన పరువు తీస్తుంది. నకనక అలా కాదు. "నీ కడుపు నకనక విన్నాను" అని ఎవరూ అనరు. తళతళకు చప్పుడు ఉందా? చురచుర చూపుకు ఉందా? ఇదీ ఆ కోవలోదే. ఎలుకల పరుగు హిందీలోనూ అచ్చం ఇలాగే ఉంది. నాకైతే ఆత్మారాముడు గోల పెట్టడమే ఇంపు.

జవాబు: ఔషధశాస్త్రం బోధించేవాడిని, కాస్త జోక్యం చేసుకుంటాను. 'పరుగు' అన్నవారు ఎవరో గాని గట్టివారు. ఖాళీ కడుపులో సుమారు 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి బలమైన అల ఒకటి పుడుతుంది. జీర్ణాశయంలో మొదలై చిన్నపేగు చివరిదాకా మిగిలిన తుక్కునంతా ఊడ్చుకుంటూ పోతుంది. నాలుగు ముద్దలు తినగానే ఆ ఊడ్పు ఆగిపోతుంది. దాన్ని లేపేది మోటిలిన్ అనే హార్మోను. చిన్నపేగు మొదటి భాగంలోని కణాలు దాన్ని రక్తంలోకి వదులుతాయి. జీర్ణాశయం కండరాల మీద, వాటిని నడిపే నరాల మీద ఉన్న గ్రాహకాలకు (ఇంగ్లీషులో రిసెప్టర్లు) అది అతుక్కుంటే కండరం బిగుస్తుంది. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అదే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. గొంతు నొప్పికని వేసుకున్న మాత్ర కడుపులో మెలిపెట్టడానికి ఒక కారణం అదే. జీర్ణాశయం మందగించిన రోగులకు వైద్యులు దాన్నే తక్కువ మోతాదులో ఇస్తుంటారు.

గుడగుడ సంగతి వేరు. గాలి, నీరు కలిసి పేగులో తోసుకుపోయే చప్పుడు అది. విరేచనాలకు వాడే లోపెరమైడ్ పేగు గోడ నరాల మీది నల్లమందు గ్రాహకాలను పట్టుకుని పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది. నల్లమందు అలవాటైనవారిని మలబద్ధకం వదలకపోవడానికి కారణమూ ఆ గ్రాహకాలే. మామూలు మోతాదులో లోపెరమైడ్ మెదడులోకి దాదాపు చేరదు కనుక మత్తు రాదు.

జవాబు: అంతా బాగుంది గాని మాస్టారూ, ఈ 'గ్రాహకం' నాకు మింగుడుపడదు. పట్టుకునేది అన్న అర్థం వరకే వస్తోంది. పట్టుకుని ఊరుకుంటే కండరం ఎందుకు బిగుస్తుంది? కణం లోపలికి కబురు పంపడమే దాని అసలు పని. ఆ సగం మాటలో లేదు. పైగా హిందీ వచ్చినవారికి గ్రాహకం అనగానే బ్యాంకు ఖాతాదారే గుర్తొస్తాడు.

జవాబు: ఒప్పుకుంటాను. మొదటి ఏడాది పిల్లలకు నేను 'గుమ్మం దగ్గర కాపలావాడు' అని చెబుతాను. పరీక్షలో మాత్రం గ్రాహకం అనే రాయమంటాను. మార్కులు వేసేది కాపలావాడు కాదు కదా!

అన్నట్టు ఎలుకల గురించి ఒక తమాషా. మోటిలిన్ గాని, దాని గ్రాహకం గాని ఎలుకల్లో లేవు. ఆ జన్యువులు వాటిలో చెడిపోయి ఉన్నాయి. పరిశోధనకు ఎలుక పనికిరాక జపాన్‌లో చుంచును ఎంచుకున్నారు. మన ఇళ్లలో గోడ వెంట కిచకిచమంటూ పోయే ఆ మూతి పొడుగు జీవే. చూడటానికి ఎలుకలా ఉంటుంది గాని ఎలుక జాతి కాదు. దానికి మోటిలిన్ ఉంది, మనలాగే ఆ ఊడ్పు అల కూడా ఉంది.

మళ్లీ నేనే: అందరికీ ధన్యవాదాలు. మా అమ్మాయికి చదివి వినిపించాను. ఇప్పుడే వంటింట్లోంచి కేక వేసింది: "అమ్మా, కడుపులో చుంచులు పరిగెడుతున్నాయి, అన్నం పెట్టు!"