జనగణనలో మన ఇంటి వివరాలు వందేళ్లు దాచాలా, చెరిపెయ్యాలా?

అంబాజీపేట అబ్బాయి:
మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ల పక్కింటి పెద్దాయన మొన్నొక ఆదివారం టీకి పిలిచి, ల్యాప్‌టాప్‌లో 1950 నాటి అమెరికా జనాభా లెక్కల పేజీ ఒకటి చూపించాడట. అందులో ఆయన నాలుగేళ్ల పిల్లాడు. అమ్మానాన్నల పేర్లు, వయసులు, ఎక్కడ పుట్టారు, నాన్న ఏం పని చేస్తాడు, అన్నీ లెక్కలు రాసినాయన చేతిరాతలోనే ఉన్నాయి. అక్కడ 72 ఏళ్లు దాటాక జనానికి తెరిచేస్తారు, అందుకని 2022లో అది బయటికొచ్చింది. ఇంగ్లండులో వందేళ్లు ఆగుతారు. వాళ్ల 1921 లెక్కలు కూడా అదే ఏడాది తెరిచారు.

అది విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. 1931 లెక్కలప్పటికి మా ముత్తాత బతికే ఉన్నాడు. గౌతమి పక్కన లంకలో వ్యవసాయం. ఆయనకి అన్నదమ్ములెందరు, ఆడపడుచులెందరు, అడిగితే చెప్పేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఏ ఆఫీసుకెళ్లినా "అలాంటివి ఉండవండీ" అని ఒక్క ముక్కలో పంపేశారు. ఎందుకు ఉండవు? పోనీ పోయినవి పోయాయి, 2027 జనగణనలో మన ఇళ్ల వివరాలైనా వందేళ్ల తర్వాత మనవల మనవలకి తెరవాలని నా వాదన. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

రికార్డు గది:
రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను బాబూ. నీకు చెప్పింది నిజమే. ఇంటింటికీ వెళ్లి రాసిన ఆ పుస్తకాలు లెక్క తేలేదాకానే. తర్వాత తీసెయ్యడమే పద్ధతి. 1901 నుంచి మనిషికో చీటీ చొప్పున ఎత్తి రాసుకుని, గూళ్ల బీరువాల ముందు కూర్చుని ఆ చీటీలు మతం ప్రకారం, కులం ప్రకారం, వయసు ప్రకారం పంచి లెక్కపెట్టేవారు. అంకెలు పుస్తకాలకెక్కాయి, చీటీలు పోయాయి. మీ ముత్తాత 1931 సంపుటాల్లో ఉన్నాడు, కానీ తాలూకా మొత్తంలో ఒకడిగా ఉన్నాడు. పేరుతో లేడు.

స్వతంత్రం వచ్చాక 1948లో జనగణన చట్టం చేశారు. దాని 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులు చూసే హక్కు ఎవరికీ లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. ఎన్నేళ్లకి తెరవాలనే మాట అందులో లేదు. అమెరికాకీ మనకీ తేడా అక్కడుంది.

నువ్వు వెతకాల్సిన చోటు వేరే. గవర్నమెంటు గ్రామమైతే రీసెటిల్మెంట్ రిజిస్టరు చూడు, ఆఫీసుల్లో డైగ్లాట్ అంటారు. ఇంగ్లీషులో, తెలుగులో పక్కపక్కనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరుంటుంది. జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు తర్వాత తయారైన సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ చూడు, అదీ అలాంటి భూమి రిజిస్టరే. ఇనాం భూమైతే ఇంకా మేలు. 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఇనాందారు పేరుతో పాటు వయసు, వారసుల వివరం కూడా రాశారు.

జిల్లా దగ్గర మాత్రం జాగ్రత్త. నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లా, తర్వాత కృష్ణా జిల్లా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. ఇది తెలియక ఏలూరులో దొరకని కాగితం ఇక లేదనుకుని ఇంటికెళ్లిపోయిన వాళ్లని చాలామందిని చూశాను. 2022లో మళ్లీ విడగొట్టారు కాబట్టి మీ మనవలకి ఇంకో చిక్కు.

సివిల్ దావా:
నేను తెరవకూడదనే అంటాను. వృత్తి వకీలు కాబట్టి నా భయం మీకు అతిగా అనిపించొచ్చు.

ఈ డెల్టాలో ఎకరం ధర ఎంతో మీకు తెలుసు. సెంటు భూమి కోసం దాయాదులు మూడు తరాలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. వంశవృక్షం కాగితం మీద ఒక్క పేరు ఎక్కువొస్తే చాలు, పాత గొడవ లేస్తుంది. సాక్ష్యంగా పనికిరాదని చట్టం చెబుతుంది కదా అంటారు. ఒకసారి అందరి చేతిలోకీ వచ్చాక "చెల్లదు" అన్న మాట పంచాయితీ అరుగు మీద ఎవడు వింటాడు?

రెండోది. 1931 దాకా లెక్కల్లో ఒక గడి ఉండేది. ఇంట్లో పిచ్చివాళ్లు, మూగచెవిటివాళ్లు, గుడ్డివాళ్లు, కుష్ఠు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఆ కాగితాలు మిగిలి ఉండి, ఇప్పుడు ఫోనులో కనిపిస్తే ఎన్ని పెళ్లి సంబంధాలు చెడతాయో ఆలోచించండి. వృత్తి అనే గడి కూడా అంతే. ఈ జిల్లాల్లో కొన్ని కుటుంబాలు ఒక తరం కష్టపడి మర్చిపోయిన వృత్తులు ఉన్నాయి. అవి మళ్లీ తవ్వి తియ్యడానికి మనమెవరం?

మార్టేరు మేడమ్:
వకీలు గారూ, మీరన్న గడి సరే. ఇంకో గడి సంగతి నేను చెబుతాను.

మా నాన్నగారు బడిపంతులు. 1961లోనూ 71లోనూ లెక్కలు రాశారు. ఇంటి యజమాని పేరు అడిగితే ఇల్లాలు తలుపు చాటు నుంచి పలికేది కాదట. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా. పక్కింటి కుర్రాణ్ణి పిలిపించి చెప్పించేవారు, లేకపోతే ఆవిడే "ఏడుకొండలవాడు" అనేది, నాన్న వెంకటేశ్వర్లు అని రాసుకునేవారు. ఒక ఇంట్లో ఇలాగే "రథం లాగుతారే, ఆయన" అన్నదట. జగన్నాథమా, ఇంకెవరైనానా అని నాన్న అరగంట ఆ అరుగు మీదే కూర్చున్నారు.

ఇది నవ్వుకునే కథ. నవ్వు రానిది వేరే ఉంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో లెక్కలు రాసేవాళ్లకి ఇచ్చిన సూచనల్లో, ఆడవాళ్ల పేరు చెప్పడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే పేరు గడిలో "ఆడ" అని రాస్తే చాలని ఉండేది. అంటే 1931 కాగితం మిగిలినా మా అమ్మమ్మ అందులో ఆడమనిషి. అంతే. ఇప్పుడు 2027లో నా పేరు, మా అమ్మ పేరు పూర్తిగా రాస్తారు. మా వైపు నుంచి మొట్టమొదటిసారి సరిగ్గా ఎక్కుతున్న రికార్డు చెరిపెయ్యమంటున్నారు మీరు.

చినరావు మాస్టారు:
అందరూ డైగ్లాట్ అంటున్నారు, అడంగల్ అంటున్నారు. భూమి ఉన్నవాళ్లకి కదండీ అవి. మా పేటలో ఎవరికీ 1970ల దాకా సెంటు లేదు. మా తాత మూడు ఊళ్ల పొలాల్లో పాలేరుగా చేశాడు. ఏ పట్టాలోనూ లేడు, ఏ రిజిస్ట్రేషన్‌లోనూ లేడు. కౌలు కాగితం కూడా లేదు, నోటిమాటే.

ఆయన్ని నేను రెండు చోట్ల పట్టుకున్నాను. ఒకటి, ఒక కామందు ఇంటి పాత లెక్కల పుస్తకం. "సుబ్బిగాడికి ఇచ్చిన వడ్లు" అని ఆరు చోట్ల ఉంది. రెండోది లూథరన్ మిషన్ చర్చిలో బాప్తిస్మ రిజిస్టరు. అందులో అదే మనిషి "సుందరరావు", తండ్రి పేరు ఉంది, తల్లి పేరు ఉంది, ఊరు ఉంది. రెండు పుస్తకాలూ ఒకే ఏడాదివి.

కాబట్టి ఆస్తి అడక్కుండా ప్రతి గడపకీ వెళ్లే రికార్డు ఈ దేశంలో జనగణన ఒక్కటే. అది దాచాలనే నేనంటాను. అయినా వకీలు గారి మాట కూడా పూర్తిగా తోసెయ్యలేను. 2027లో కులం కూడా రాస్తున్నారు. ఊరు మారి, పేరు మార్చుకుని, పట్నంలో అద్దె ఇల్లు దొరికించుకున్న మా వాళ్లున్నారు. వాళ్ల కొడుకులు బతికుండగా ఆ కాగితం బయటికి రాకూడదు. వందేళ్లంటే వందేళ్లే. 72 నేను ఒప్పుకోను.

కోరంగి రేవు:
మాస్టారూ, మీ మాటకి ఒక వింత తోడు చెబుతాను. మా ఊరు కోరంగి రేవు నుంచి 1830ల్లో, 40ల్లో మారిషస్ చెరుకు తోటలకి కూలీలు వెళ్లారు. రంగూన్‌లో తెలుగోళ్లందర్నీ కోరంగీలనే పిలిచేవారంటే చూసుకోండి. మారిషస్‌లో ఓడ దిగిన ప్రతి మనిషికీ నంబరిచ్చి వివరాలు రాశారు. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లిన ఓడల జాబితాల్లో తండ్రి పేరు, కులం, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలతో సహా ఉన్నాయి.

అంటే దేశం వదిలిపోయిన పేదోడి మనవడికి తాత చెంప మీద మచ్చ ఎక్కడుందో తెలుస్తోంది. ఇక్కడే ఉండిపోయిన తమ్ముడి మనవడికి తాత పేరు తెలీదు.

యానాం వాళ్లు కూడా అదృష్టవంతులే. ఫ్రెంచి వాళ్లు పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లు రాసి, ప్రతులు ఫ్రాన్సులో పెట్టుకున్నారు. గోదావరి పాయకి అవతల గట్టున మనకి అదీ లేదు.

సర్వర్ డౌన్:
సాఫ్ట్‌వేర్ వాణ్ణి, అడ్డం తిరుగుతున్నందుకు తిట్టకండి. పాత లెక్కలు కాగితం. కాగితాన్ని ఎలుకలు తింటాయి, 86 వరదలో నానిపోతుంది, 96 తుపానులో ఎగిరిపోతుంది. ఈసారి ఫోన్ యాప్‌లో రాస్తారు, మనమే నింపుకునే వీలు కూడా ఇస్తారట. మొత్తం దేశం ఒక్కచోట, వెతుక్కునేలా ఉంటుంది. వందేళ్లు దాచమంటే వందేళ్లు కాపలా కాయమని. మా కంపెనీలో ఐదేళ్ల కిందటి బ్యాకప్ తెరవాలంటే టెన్షన్.

ఇంకో సంగతి, 1951 లెక్కలతో పాటు రాసిన పౌర రిజిస్టరు అస్సాంలో మిగిలింది. మొన్న ఎన్ఆర్‌సీ అని ఆ పౌర రిజిస్టరు మళ్లీ రాసినప్పుడు ఆ పాత కాగితంలో మీ తాత పేరు చూపించండి అని ఊళ్లకి ఊళ్లని లైన్లో నిలబెట్టారు. అభిమానంతో దాచుకున్న కాగితం రేపు ఎవడి చేతిలో ఏమవుతుందో మనం రాసివ్వలేం.

అంబాజీపేట అబ్బాయి:
అస్సాం సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ అదే ఉదాహరణ తిరగేసి చూడండి. ఆ కాగితంలో పేరు ఉన్నవాడు బయటపడ్డాడు, లేనివాడు చిక్కుకున్నాడు.

ఆస్ట్రేలియా పద్ధతి ఒకటి చదివాను. వాళ్లు కూడా మనలాగే లెక్కలయ్యాక కాగితాలు నాశనం చేసేవారు. 2001 నుంచి ఒక ప్రశ్న పెట్టారు: "మీ వివరాలు 99 ఏళ్ల తర్వాత తెరవడానికి ఒప్పుకుంటారా?" ఒప్పుకున్నవాళ్లవి దాస్తారు, లేదన్నవాళ్లవి, ఏమీ చెప్పనివాళ్లవి తీసేస్తారు. మనకీ అలా ఒక గడి పెడితే?

సివిల్ దావా:
ఇప్పటిదాకా వచ్చిన వాటిల్లో ఇదొక్కటే నాకు మింగుడు పడుతోంది. అయినా ఒక డౌటు. ఆ టిక్కు ఎవరు పెడతారు? మన ఇళ్లల్లో ఎన్యూమరేటర్ వస్తే మాట్లాడేది ఒక్కరు. మావగారు అరుగు మీద కూర్చుని ఆరుగురి తరఫున "ఆఁ, పెట్టెయ్" అంటారు. లోపల కోడలికి ఇష్టమో కాదో?

మార్టేరు మేడమ్:
కోడలి ఇష్టం గురించి ఒక వకీలు ఇంత ఆలోచించడం ఇదే మొదటిసారి చూస్తున్నాను. మనిషికో గడి పెట్టమనండి. వయసు ఒక్కొక్కరిదీ విడిగా అడుగుతున్నారుగా, ఇదీ అడగొచ్చు.

రికార్డు గది:
గడి వస్తుందో రాదో మన చేతిలో లేదు. అబ్బాయీ, ఈలోగా నీ పని చూడు. 1961 జనగణన వాళ్లు జాతరలు, పండుగల మీద జిల్లాల వారీగా సంపుటాలు వేశారు. మీ ఊళ్లో ఏ కులాల వాళ్లున్నారు, ఏ దేవత, తీర్థం ఎప్పుడు జరుగుతుంది, అందులో ఉంటాయి. మనుషుల పేర్లు దొరకవు కానీ ఊరు కనిపిస్తుంది. ముందు మీ ఇంట్లో ఇనప్పెట్టె తెరిచావా? పాత దస్తావేజు ఒక్కటి దొరికినా చాలు.

అంబాజీపేట అబ్బాయి:
పెట్టె తెరిచాను గురువుగారూ. పెదనాన్న దగ్గరుంది. 86 వరదలో నానిన కాగితాలే అన్నీ, ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒక్క స్టాంపు కాగితం విడిగా వచ్చింది. 1912 అని ఉంది. ఫోటో పెడుతున్నాను. కింద సగం మరక, మూడో వరస నాకు అర్థం కావట్లేదు. "తల్లియు గార్డి" దాకా చదవగలిగాను.

రికార్డు గది:
"మైనర్లకు తల్లియు గార్డియనునగు వెంకమ్మ వ్రాయించి యిచ్చిన విక్రయ దస్తావేజు." మీ ముత్తాత అప్పటికి చిన్నపిల్లాడు, తండ్రి పోయాడు, తల్లి పొలం అమ్మింది. జాగ్రత్తగా చూడు, మైనర్లు అని బహువచనం. ఒకటో నంబరు మీ ముత్తాత. రెండో నంబరు పేరు మీదే మరక పడింది. చివర్న ఆవిడ నిశాని ఉంది, అడ్డగీత నిలువుగీత.

ఆ దస్తావేజు నంబరు, సంవత్సరం పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు అడుగు. వాళ్ల వాల్యూములో రెండో పేరు ఉంటుంది. పాత వాల్యూములు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర ఉన్నాయంటే అక్కడికి వెళ్లు. మధ్యాహ్నం వెళ్లకు, పొద్దున్నే వెళ్లు.

మార్టేరు మేడమ్:
వెంకమ్మ గారి పుట్టింటి ఇంటిపేరు ఏమైనా ఉందా అందులో?

రికార్డు గది:
లేదమ్మా. ఫలానా వారి భార్య అని ఉంది.