అప్‌డేట్: నాన్న ఫొటోలు మొత్తం తిరిగొచ్చాయి

పోయిన వారం అడిగింది నేనే. ఆర్‌సింక్‌తో (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) బయటి హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ తీసిన నాన్న ఫొటోల ఫోల్డర్‌ని కొత్త ల్యాప్‌టాప్‌లోకి రీస్టోర్ చేస్తే, ఫోల్డర్ లోపల మళ్లీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఎందుకొచ్చిందని. మీరు చెప్పిందే నిజం, సోర్స్ పేరు చివర, అంటే ఎక్కడి నుంచి కాపీ చేస్తున్నామో ఆ ఫోల్డర్ పేరు చివర, స్లాష్ పెట్టలేదు. స్లాష్ ఉంటే లోపల ఉన్నవి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్లి కూర్చుంటుంది.

నిన్న రాత్రి కూకట్‌పల్లిలో కరెంటు వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. డిలీట్ ఆప్షన్ (సోర్స్‌లో లేని ఫైళ్లని కాపీ వెళ్లే చోటు నుంచి చెరిపేసేది) కూడా కలిపి నేరుగా నడిపేసేవాణ్నే, కానీ ముందు మైనస్ ఎన్, మైనస్ వి పెట్టి చూడండి అని ఒకరు రాశారు కదా, ఆయనకు నిజంగా దండం పెట్టాలి. అలా ఇస్తే దేన్నీ మార్చదు, చెరపదు, ఏం జరగబోతోందో చూపిస్తుంది అంతే. స్క్రీన్ మీద వరసగా 'డిలీటింగ్' అని లైన్లు, అందులో సంక్రాంతికి అమ్మ ముగ్గు వేస్తుంటే తీసినవి! బ్యాకప్ అయ్యాక నేరుగా ల్యాప్‌టాప్‌లో వేసుకున్న ఫొటోలు అవి, డిస్క్‌లో లేవు. గుండె ఆగినంత పనైంది.

డిలీట్ తీసేసి నడిపాను. తర్వాత మైనస్ ఎన్, మైనస్ వితో పాటు మైనస్ సి కూడా పెట్టి మరోసారి చూశాను, అది సైజు, తేదీ కాకుండా చెక్‌సమ్‌తో (ఫైల్ లోపలి డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) పోలుస్తుంది, టైమ్ ఎక్కువే పట్టింది కానీ తేడా ఉన్న ఫైల్ ఒక్కటీ కనిపించలేదు.

ఇంకొకటి, నా డిస్క్ ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్, అందులో లినక్స్ పర్మిషన్లు (ఫైల్‌ని ఎవరు చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అనేవి) నిలవవు. ఫొటోలకి పర్వాలేదు, స్క్రిప్టుల ఫోల్డర్‌ని మాత్రం ఇకనుంచి టార్ కమాండ్‌తో ఒకే ఫైల్‌గా కట్టి పెడుతున్నాను, పర్మిషన్లు ఆ ఫైల్ లోపలే ఉంటాయి.