నెల నెలా సభ ఆపేసి ఆ డబ్బు పిల్లల ఫీజులకు కడితే?

కొళత్తూరు తెలుగువాడు:
చెన్నైలో మా తెలుగు సంఘం నెలకోసారి సభ పెడుతుంది. ఒక ప్రసంగం, దాని మీద చర్చ, చివర్లో చదువుల నిధికి చందాలు. హాలు అద్దె, మైకు, శాలువాలు, టిఫిన్లు పోగా నిధికి మిగిలేది కొంచెమే. వచ్చేది కూడా ఎక్కువగా అరవై దాటినవాళ్లే. సభలు మానేసి మొత్తం డబ్బు నేరుగా పిల్లల ఫీజులకు కట్టేద్దామంటున్నాను. మీరేమంటారు?

పాత మద్రాసు:
శాలువాలు ఆపేయండి, నేనూ మీ వైపే. సభ ఆపడానికి మాత్రం ఒప్పుకోను. గాజుల లక్ష్మీనరసు చెట్టి ఈ ఊరి తెలుగు వ్యాపారి. బడుల్లో బైబిలును పాఠంగా పెట్టబోతే 1846లో జనాన్ని పోగుచేసి, సభ జరిపి, వద్దని చెప్పించారు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టారు. శిస్తు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న మాట లండన్ దాకా వెళ్లి, విచారణ కమిషన్ పడిందంటే ఆ సంఘం చలవే. నలుగురు కూర్చుని మాట్లాడుకోకపోతే ఇవేవీ జరిగేవి కావు.

కొళత్తూరు తెలుగువాడు:
గొప్ప చరిత్రే, కాదనను. కానీ జూన్‌లో ఫీజు కట్టాల్సిన తండ్రికి దానితో ఏం పని?

పాత మద్రాసు:
అలాంటి తండ్రి సంగతే చెబుతాను. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం, ఆయనది పెయింటింగ్ పని. కూతురు కార్పొరేషన్ బడిలో ఎనిమిది. తొమ్మిదిలో ప్రైవేటు బడికి మారుద్దామని ఫీజు సాయం కోసం మా సభకు వచ్చాడు. అప్లికేషన్ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నాడు, చెమటకు అంచులు తడిసిపోయాయి. మేం ఇచ్చేసేవాళ్లమే. ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ లేచి, "అమ్మాయిని ఏం చదివించాలనుకుంటున్నావు బాబూ?" అని అడిగారు. ఇంజనీరింగ్ అన్నాడు. "అయితే బడి మార్చకు" అన్నారావిడ. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలోనే చదివిన పిల్లలకు తమిళనాడులో 7.5 శాతం కోటా ఉంది, మెడిసిన్‌లో 2020 నుంచి, ఇంజనీరింగ్‌లో 2021 నుంచి. ఆ కోటాలో సీటొస్తే ఫీజు ప్రభుత్వమే కడుతుంది. మేం ఆ రోజు చెక్కు రాసి ఉంటే సాయం పేరుతో ఆ పిల్లకు అన్యాయం చేసేవాళ్లం.

కొళత్తూరు తెలుగువాడు:
అది వాట్సాప్‌లో పెట్టినా తెలిసేది కదండీ.

పాత మద్రాసు:
ఆయన ఏ గ్రూపులోనూ లేడు. పైగా ఆవిడ అడిగింది ఆయన ముఖం చూసి.

పెరంబూరు అమ్మాయి:
ఇలాంటి నిధి సాయంతోనే డిగ్రీ చదివాను కాబట్టి చెబుతున్నాను. సభ ఉండాలి, స్టేజి మీద చెక్కు మాత్రం వద్దు. పేరు పిలిచి, నాన్న ఏం పని చేస్తారో మైకులో చెప్పి, ఫొటో తీస్తారు. ఆ ఫొటో కాలేజీ ఫ్రెండ్స్ చూస్తారేమోనని నెలంతా టెన్షన్ పడ్డాను. డబ్బు బ్యాంకులో వేయండి చాలు.
ఇంకో సంగతి. మీ సభలకు మా వయసువాళ్లు ఎందుకు రారంటే, అక్కడ మా గురించి ఏమీ ఉండదు. 2006 చట్టంతో తమిళం ఏటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ వచ్చింది. మా తమ్ముడి బడిలో తెలుగు టీచరే లేరు. వాడికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. పద్యాల మీద గంటన్నర ప్రసంగానికి వాడెలా వస్తాడు? ఏ కోర్సు తీసుకోవాలి, లోన్ ఎలా వస్తుంది, తెలుగు చదవడం ఇప్పుడెలా నేర్చుకోవాలి, వీటి మీద చర్చ పెట్టండి. నేనే తీసుకొస్తాను వాణ్ని.

కొళత్తూరు తెలుగువాడు:
అమ్మా, స్టేజి మీద చెక్కులు ఆపాలని ఈ ఆదివారమే కమిటీలో చెబుతాను, శాలువాలు కూడా. ఏసీ హాలు విషయంలో నా మాట మారదు. ఆ అద్దెతో ఒక పిల్లకు హాస్టల్ మెస్ బిల్లు కట్టొచ్చు. సెలవు రోజున ఏదైనా బడి వరండా ఇస్తే అక్కడే కూర్చుందాం. పాత మద్రాసు గారూ, ఆ హెడ్‌మిస్ట్రెస్ గారు పన్నెండో తరగతి ఫలితాలు రాగానే మా పిల్లలతో ఒక పూట మాట్లాడతారేమో అడిగి చెబుతారా?