లివర్ న్యూట్రల్‌కు తెచ్చినా పాత ఔట్‌బోర్డ్ మోటారు వేగం దిగడం లేదు

ప్రశ్న

నమస్కారం. నా పడవకు వెనుక బయటివైపు బిగించి ఉన్నది 40 హార్స్‌పవర్ పాత ఔట్‌బోర్డ్ మోటారు. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, కార్బ్యురేటర్ రకం. పక్కన బిగించిన కంట్రోల్ బాక్సు నుంచి గేరుకు ఒకటి, థ్రాటిల్‌కు (వేగం పెంచి తగ్గించే భాగానికి) ఒకటి చొప్పున రెండు కేబుళ్లు ఇంజన్‌కు వెళ్తాయి. కొంతకాలంగా లివర్ బిగుసుకుపోయి, ముందుకు తోయడానికి బలం పెట్టవలసి వస్తోంది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, లివర్‌ను పూర్తిగా న్యూట్రల్‌కు తెచ్చిన తరువాత కూడా ఇంజన్ రేస్ అవుతూనే ఉంటుంది. లివర్‌ను ఒకటి రెండు సార్లు అటూ ఇటూ కదిపితే గానీ దిగదు. ఒడ్డు దగ్గర పడుతున్నప్పుడు ఇలా జరిగితే పడవను అదుపులో ఉంచడం కష్టమవుతోంది. ఐడ్లింగ్ స్క్రూ (ఇంజన్ ఊరకే తిరిగే వేగాన్ని సరిచేసే స్క్రూ) తిప్పి వేగం తగ్గించుకుంటే సరిపోతుందా, లేక కేబుల్ మార్చాలా, లేక లోపం కంట్రోల్ బాక్సులోనే ఉందా అన్నది ఎలా తేల్చుకోవాలో దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

ఐడ్లింగ్ స్క్రూను ఇప్పుడే ముట్టుకోకండి. థ్రాటిల్ పూర్తిగా మూసుకోకుండా ఎక్కడో పట్టేస్తున్నప్పుడు స్క్రూ తగ్గిస్తే ఆ క్షణానికి శబ్దం తగ్గుతుంది గానీ, మరోసారి థ్రాటిల్ సరిగ్గా మూసుకున్నప్పుడు ఇంజన్ ఆగిపోతుంది. అసలు లోపం అలాగే ఉండిపోతుంది.

లోపం మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: కంట్రోల్ బాక్సు, కేబుల్, ఇంజన్ మీది లింకేజీ (కేబుల్ కదలికను అందించే కడ్డీల అమరిక). ముందు ఇంజన్ ఆపి, కిల్ స్విచ్ (ఇంజన్‌ను వెంటనే ఆపే స్విచ్) తాడు తీసేసి, స్పార్క్ ప్లగ్గుల వైర్లు ఊడదీసి పక్కన పెట్టండి. తరువాత ఇంజన్ దగ్గర థ్రాటిల్ కేబుల్ చివరనున్న పిన్ను తీసి, కేబుల్‌ను లింకేజీ నుంచి విడదీయండి. గేరు కేబుల్ జోలికి వెళ్లవద్దు. ఇప్పుడు ఇంజన్ మీది థ్రాటిల్ ఆర్మ్‌ను వేలితో తెరిచి వదిలేయండి. స్ప్రింగు బలానికి అది టక్కున స్టాపు (ఆర్మ్‌ను ఆపే అడ్డు) దాకా వెనక్కి రావాలి. నెమ్మదిగా జారుతూ వచ్చినా, మధ్యలో ఆగినా లోపం ఇంజన్ వైపే ఉన్నట్టు. ఆర్మ్ హాయిగా తిరిగి వస్తుంటే ఇంజన్‌ను వదిలేసి కేబుల్ వైపు వెళ్లవచ్చు.

విడదీసిన కేబుల్‌తో లివర్‌ను కదిపి చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. లివర్ కదలికలో మొదటి భాగం గేరు వేస్తుంది, ఆ తరువాతే థ్రాటిల్ కదులుతుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు గేరు పళ్లు ఒకదానికొకటి ఎదురుపడితే గేరు పడదు, అప్పుడు బలవంతంగా తోస్తే గేరు లింకేజీ దెబ్బతింటుంది. అందుకే న్యూట్రల్‌లో ఉంచి రేస్ ఇచ్చే బటన్ మీ బాక్సుకు ఉంటే దానిని వాడండి. లేకపోతే మరొకరి చేత ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పిస్తూ లివర్ కదపండి. అప్పుడు కూడా లివర్ బిగుతుగానే ఉంటే, బాక్సు వైపు చివరను కూడా విడదీసి కేబుల్ లోపలి తీగను చేత్తో తోసి లాగి చూడండి. కేబుల్ బిగుతుగా ఉందో, బాక్సు బిగుతుగా ఉందో అక్కడే తేలిపోతుంది.

రెండవ సమాధానం

పై సలహా సరైనది. ఇంజన్ వైపు లోపం తేలితే ఏమి చూడాలో నేను చెబుతాను, ఎందుకంటే పాత మోటార్లలో చాలామంది వదిలేసే భాగం ఇదే. వీటిలో చాలావాటిలో థ్రాటిల్ కేబుల్ నేరుగా కార్బ్యురేటర్‌ను తెరవదు. అది ముందుగా ఫ్లైవీల్ కింద ఉండే ప్లేటును తిప్పి ఇగ్నిషన్ టైమింగ్‌ను (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయాన్ని) ముందుకు జరుపుతుంది. ఆ కదలికతోనే క్యామ్ (వంపు అంచు ఉన్న ముక్క) తిరిగి, క్యామ్ ఒక రోలర్‌ను నెట్టి, రోలర్ కార్బ్యురేటర్‌లో గాలి దారిని మూసే బటర్‌ఫ్లై మూతను తెరుస్తుంది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే ప్లేటు కింది గ్రీజు ఎండి జిగురులా మారుతుంది. అప్పుడు మూత మూసుకున్నా టైమింగ్ ముందుకే ఉండిపోయి, ఇంజన్ వేగం దిగదు. కార్బ్యురేటర్‌ను ఎన్నిసార్లు శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు.

పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు చాలావాటిలో క్యామ్ మీద ఒక గీత ఉంటుంది. రోలర్ మధ్య భాగం ఆ గీతకు ఎదురుగా వచ్చినప్పుడే మూత కదలడం మొదలవ్వాలి.

కేబుల్ విడదీసి, ఆర్మ్ స్టాపుకు ఆనుకుని ఉన్నప్పుడు కూడా ఇంజన్ వేగంగానే తిరుగుతుంటే, కార్బ్యురేటర్ కింది గ్యాస్కెట్ నుంచి గాలి లోపలికి పోతోందేమో అనుమానించాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిల్ పెట్రోలుతో కలిసే అందుతుంది కాబట్టి, గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే పిస్టన్‌కే ప్రమాదం. ఈ పరీక్షకు ఇంజన్‌ను నడిపేటప్పుడు కూలింగ్ నీరు తప్పనిసరిగా అందించండి.

అడిగినవారి జవాబు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంజన్ వైపు ఆర్మ్ వెంటనే వెనక్కి వస్తోంది, బాక్సు కూడా ఒంటరిగా తేలికగా కదులుతోంది. బిగుతంతా కేబుల్‌లోనే ఉంది. మరో విషయం గమనించాను: మోటారును ఎడమకు పూర్తిగా తిప్పినప్పుడు తీగ దాదాపు కదలడం లేదు, నేరుగా ఉంచితే కొంత నయం. ఇంజన్‌కు దగ్గరలో పైతొడుగు ఉబ్బి, పగిలిన చోట తుప్పు రంగు కనిపిస్తోంది. నూనె పోస్తే కొన్నాళ్లు నడుస్తుందా?

మూడవ సమాధానం

నూనె పోయవద్దు. సైకిల్ బ్రేకు తీగ లాగడానికి మాత్రమే పనికివస్తుంది గానీ, ఈ కేబుల్ తోయాలి, లాగాలి కూడా. అందుకే తీగకూ గొట్టానికీ మధ్య ఖాళీ చాలా తక్కువ. లోపల తుప్పు పట్టి ఉబ్బిన కేబుల్‌లోకి నూనె పోస్తే ఆ పొడి ముద్దగా మారి మళ్లీ పట్టేస్తుంది. కేబుల్ మార్చడమే మార్గం. అప్పటిదాకా ఆ మోటారుతో నీటిలోకి వెళ్లకండి: అధిక వేగంలో గేరు మారిస్తే గేరు పళ్ల అంచులు అరిగిపోతాయి, అవి అరిగిన తరువాత గేరు తనంతట తానే జారిపోతుంది.

ఎడమకు తిప్పినప్పుడు పట్టేస్తోందంటే కేబుల్ పొడవు చాలడం లేదు, లేదా అక్కడ వంపు మరీ ఇరుకుగా ఉంది. పాత కేబుల్ పొడవునే గుడ్డిగా తీసుకోకుండా, మోటారును రెండు వైపులకూ పూర్తిగా తిప్పి, పైకి లేపి కూడా కొలిచి కొత్తది కొనండి. బిగించేటప్పుడు లివర్‌ను న్యూట్రల్‌లో, ఆర్మ్‌ను స్టాపుకు ఆనించి ఉంచి, సర్దుబాటు నట్టును ఆర్మ్ స్టాపును స్వల్పంగా నొక్కేలా తిప్పండి. ఎక్కువగా నొక్కితే లివర్ మళ్లీ బరువెక్కుతుంది. ఆపైన లివర్‌ను చివరి దాకా తోయించి, కార్బ్యురేటర్ నోట్లోకి చూడండి. మూత పూర్తిగా తెరుచుకోవాలి. చివరగా మోటారును ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పుతున్నప్పుడు ఆర్మ్ స్టాపు నుంచి కదలకుండా ఉందో లేదో చూసుకున్న తరువాతే ప్లగ్గుల వైర్లు పెట్టండి.