చెట్ల మధ్య నడక ఏకాగ్రతను తిరిగి ఇస్తుందా? పరిశోధనలు, మన అనుభవాలు

హ్యూరాన్ గట్టు (ఆన్ ఆర్బర్, మిషిగన్)

అందరికీ నమస్కారం. ప్రకృతికీ మనసుకూ ఉన్న సంబంధంపై బాగా పేరు పొందిన ఒక ప్రయోగం, నేను ఏడేళ్లుగా ఉంటున్న ఈ ఊళ్లోనే, మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. మార్క్ బెర్మన్, జాన్ జోనిడెస్, స్టీఫెన్ కాప్లాన్ దాని ఫలితాలను 2008లో ప్రచురించారు. 38 మందిని ఒక వారం ఊరి నడిబొడ్డున వాహనాలు తిరిగే వీధుల్లోనూ, మరో వారం విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్బొరేటంలోని (రకరకాల చెట్లు పెంచే పెద్ద తోటలోని) చెట్ల మధ్యా సుమారు 50 నిమిషాలు నడిపించారు. నడకకు ముందూ తరువాతా పరీక్ష ఒకటే: వినిపించిన అంకెలను చివరి నుంచి మొదటికి తిరగేసి చెప్పాలి. చెట్ల మధ్య నడిచి వచ్చినప్పుడు ఫలితం సుమారు 20 శాతం మెరుగుపడింది. వీధుల్లో నడిచినప్పుడు అంత మేలు కనిపించలేదు.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. జనవరి చలిలో నడిచినవారికి ఆ నడక ఏమంత ఇష్టంగా లేకపోయినా, ఏకాగ్రతలో కలిగిన మేలు మాత్రం వేసవిలో నడిచినవారికి తీసిపోలేదు. అంటే మేలు ఆనందం వల్ల కలగలేదన్నమాట.

పోయిన జనవరిలో పని ఒత్తిడి వల్ల, ఒకే ఈమెయిలును మూడుసార్లు చదివినా తలకెక్కని స్థితికి వచ్చాను. ఒక మధ్యాహ్నం ఆ ఆర్బొరేటంలో నదివైపు దిగే బాట పట్టాను. మంచు మీద ఉడుత అడుగుజాడలు ఒక చెట్టు మొదలుదాకా వచ్చి అక్కడ మాయమయ్యాయి. వాటినే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వేళ్లు కొంకర్లు పోయాయి, సంతోషమేమీ కలగలేదు. కానీ ఇంటికి వచ్చి కూర్చుంటే అదే ఈమెయిలు ఒక్కసారి చదవగానే అర్థమైంది. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఆనందాన్నీ ఏకాగ్రతనూ వేరుచేసి చెబితే మేలు.

అవధానప్రియుడు (రాజమహేంద్రవరం)

నేను కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధించి విరమించినవాడిని. మీరు అడిగిన భేదమే ఈ సిద్ధాంతానికి మూలం. స్టీఫెన్ కాప్లాన్, ఆయన భార్య రేచెల్ కాప్లాన్ చెప్పినదాని ప్రకారం అవధానం రెండు రకాలు. మనం పట్టుబట్టి నిలిపేది ఒకటి, దానంతట అది నిలిచేది మరొకటి. మొదటిది వాడేకొద్దీ అలసిపోతుంది, ఎందుకంటే అడ్డువచ్చే ప్రతిదాన్నీ అదే తోసిపుచ్చుతూ ఉండాలి. ఆకుల కదలిక, నీటి మీద వెలుగు వంటివి రెండో రకాన్ని మృదువుగా పట్టుకుని, మొదటిదానికి విశ్రాంతి ఇస్తాయి.

తెలుగువారికి ఇది సులభంగా అర్థం కావాలి. అష్టావధానంలో అవధాని పద్యం అల్లుతూనే గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఆ ధారణను చెదరగొట్టడానికే కూర్చుంటాడు. ఆ పృచ్ఛకుణ్ణి పక్కకు నెట్టడానికి అవధాని ఖర్చుపెట్టే శక్తే కాప్లాన్ దంపతులు చెప్పిన మొదటి రకం అవధానం. రద్దీ వీధిలో హారన్లు, బోర్డులు, అడ్డదిడ్డంగా దూసుకువచ్చే ఆటోలు ఆ పృచ్ఛకుడి పనే చేస్తాయి. మీ ఉడుత అడుగులు ఆ పని చేయలేదు.

వార్డు నర్సు (కాకినాడ)

ఈ విషయంలో రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనాన్ని తప్పక చెప్పాలి. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవారి రికార్డులను ఆయన తీశారు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదిలో ఉన్నవారిని, ఇటుక గోడ మాత్రమే కనిపించే గదిలో ఉన్నవారిని, వయసు, పొగతాగే అలవాటు వంటివి సరిచూసి 23 జతలుగా కలిపారు. చెట్లకు ఆకులుండే మే నుంచి అక్టోబరు మధ్య ఆపరేషన్లనే లెక్కలోకి తీసుకున్నారు. చెట్లు కనిపించినవారు కొంత ముందుగా ఇంటికి వెళ్లారు, శక్తిమంతమైన నొప్పి మందులు తక్కువగా వాడారు.

నా మనసుకు హత్తుకున్నది ఏమిటంటే, ఆ అధ్యయనంలో నర్సులు రాసిన నోట్సును కూడా సాక్ష్యంగా లెక్కపెట్టారు. ‘ఏడుస్తున్నారు’, ‘చాలా ధైర్యం చెప్పవలసి వస్తోంది’ వంటి మాటలు గోడవైపు గదుల్లో ఎక్కువ. రాత్రి డ్యూటీలో మేము రాసే మాటలను ఎవరూ చదవరనుకుంటాం. నేను పనిచేసిన వార్డులో కానుగ చెట్టు కనిపించే మంచం ఒక్కటే ఉండేది, అది ఖాళీ అయితే చాలు, ‘సిస్టర్, నన్ను అక్కడికి మార్చండి’ అని ఇద్దరు ముగ్గురు అడిగేవారు. గాలి కోసమే అడుగుతున్నారని అప్పట్లో అనుకున్నాను.

మిరపచేను (ఖమ్మం జిల్లా)

పెద్దలు మన్నించాలి. నేను రోజంతా చెట్లమధ్యే, ఎండలోనే ఉంటాను, కానీ సాయంత్రానికి నా తల మీ ఆఫీసు వారి తలలాగే బరువెక్కుతుంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు తెల్లవారగానే చేనులో దిగి, ఒక్కొక్క పువ్వును అరచేతిలో దులిపి, ఆ నల్లటి నలుసులు ఎన్ని కదులుతున్నాయో చూసేవాణ్ణి. అంత అందమైన తెల్లని పువ్వును చూస్తే గుండె ఝల్లుమనేది. పచ్చదనం ఉన్నంత మాత్రాన మనసు తేలికపడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

అయితే మాస్టారు గారు చెప్పినది చదివాక ఒక మాట తట్టింది. పొద్దుగూకే వేళ చెరువు గట్టు మీద కూర్చుంటే కొంగలు తుమ్మచెట్టు మీదికి చేరుతూ ఉంటాయి. అక్కడ నేను దేన్నీ పరీక్షించనక్కరలేదు. తేడా అక్కడే ఉందేమో.

అవధానప్రియుడు

మిరపచేను గారూ, మీరన్నదే సరైనది. నిత్యజీవితపు చింతకు దూరంగా ఉండటం అనేది కూడా, అవధానానికి విశ్రాంతినిచ్చే చోటుకు కాప్లాన్ దంపతులు చెప్పిన లక్షణాల్లో ఒకటి. చేను మీకు ఆఫీసు, చెరువు గట్టు మీకు ఆర్బొరేటం.

లెక్కల మాస్టారు (వరంగల్)

ఉత్సాహం మంచిదే, కానీ ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మాలో కూడా చూసుకోవాలి. 38 మంది, 23 జతలు చిన్న సంఖ్యలు. పైగా మందు పరీక్షలో కొందరికి తెలియకుండా మందు లేని చక్కెర బిళ్ల ఇచ్చినట్లు ఇక్కడ ఉత్తుత్తి అడవిని ఇవ్వలేం. తాను ఎక్కడ నడుస్తున్నదీ ప్రతివారికీ తెలుసు. ఇంగ్లండులో సుమారు 20,000 మంది వివరాలతో మాథ్యూ వైట్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం, వారానికి 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం, క్షేమం బాగున్నాయని ఎక్కువగా చెప్పినట్లు చూపింది. అది పెద్ద సంఖ్యే. కానీ అంతా వారు స్వయంగా చెప్పిన మాట, ఒకే కాలంలో తీసిన కొలత. బయటికి వెళ్లడం వల్ల బాగున్నారా, బాగున్నందువల్ల బయటికి వెళ్లగలుగుతున్నారా అన్నది దానితో తేలదు. దీర్ఘకాలిక రోగాలున్నవారిలోనూ అదే ధోరణి కనిపించిందన్నది మాత్రం గమనించదగినది.

కాలనీ పార్కు (హైదరాబాదు)

మంచం పట్టిన అత్తగారిని మూడేళ్లుగా చూసుకుంటున్నాను. స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగరీ బ్రాట్‌మన్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం గురించి చదివినప్పుడు అది నా గురించే రాసినట్లు అనిపించింది. 90 నిమిషాలు పచ్చని ప్రదేశంలో నడిచినవారిలో, తమను తాము తప్పుపట్టుకుంటూ అదే ఆలోచనను తిప్పితిప్పి తలచుకోవడం తగ్గింది; అటువంటి ఆలోచనలతో ముడిపడిన మెదడు భాగంలో చురుకుదనమూ తగ్గింది. రద్దీ రహదారి పక్కన నడిచినవారిలో ఈ మార్పు లేదు. మనం నెమరువేయడం అనే మాటను తీపి జ్ఞాపకాలకే వాడుతాం, కానీ నా నెమరంతా చేదే: ఆ రోజు మందు వేళకు ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అని.

90 నిమిషాలు నాకు దొరకవు. అత్తగారి దగ్గర ఉండటానికి ఆయమ్మ వచ్చే ఆ అరగంటసేపు కాలనీ పార్కుకు వెళ్తాను. అక్కడ ఉన్నది ఒక గంగరావి చెట్టు, రెండు బెంచీలు, అంతే. ఫోను చేతిలో ఉన్న రోజు వెళ్లినా వెళ్లనట్లే ఉంటుంది. ఫోను ఇంట్లో వదిలిన రోజు, రాలిన పసుపుపచ్చని పువ్వు సాయంత్రానికి ఎర్రబారడం చూశాను. ఆ కాసేపు చేదు నెమరు ఆగింది.

హ్యూరాన్ గట్టు

అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రతిపాదన: నెల రోజులపాటు ఎంతసేపు గడిపాం, ఫోను దగ్గర ఉందా లేదా, తిరగేసి చెప్పగలిగిన అంకెలు ఎన్ని అన్నవి ఇక్కడే రాద్దాం. అంకెలను ఇంట్లో ఎవరిచేతనైనా సెకనుకొకటి చొప్పున చదివించుకోవచ్చు.

లెక్కల మాస్టారు

రాయండి, కానీ బయటికి వెళ్లని రోజుల్లోనూ అదే వేళకు ఆ పరీక్ష చేయండి. సాధన వల్ల వచ్చే మెరుగుదలను చెట్ల ఖాతాలో వేయకూడదు. అంకెలు ప్రతిసారీ కొత్తవి కావాలి.

మిరపచేను

నిన్న సాయంత్రం చెరువు గట్టు మీద 40 నిమిషాలు. ఫోను ఇంట్లోనే ఉంది. వెళ్లేముందు మా అమ్మాయి చదివినవాటిలో ఐదు అంకెలు తిరగేసి చెప్పగలిగాను, వచ్చాక ఆరు. ఈరోజు గట్టుకు వెళ్లలేదు, చేనుకు నీళ్లు పెట్టే వంతు వచ్చింది. అదే వేళకు పరీక్ష చేస్తే ఐదే. రేపటి లెక్క రేపు రాస్తాను.